ఏ చెయ్యి ముందు వెళ్తుంది

ఆగస్టు 2

ఉడతకు,

నేను చెయ్యి తలపైకి ఎత్తేది నిన్ను తిట్టడానికేనని రాశావు. తప్పు. తిట్టడానికి నాకు చెయ్యి అక్కర్లేదు, కూర్చున్నచోటి నుంచే పని జరిగిపోతుంది. బడిలో ముప్పై ఏళ్ల పైచిలుకు జామెట్రీ చెప్పాను. నల్లబల్ల పైఅంచు దాకా వృత్తాలు గీసిన భుజం ఇది. జిమ్నాస్టులకు తప్ప లోకంలో ఇంకెవరికీ భుజాలు లేనట్టు మాట్లాడటం మానెయ్యి.

ఇక మీ కర్ర సంగతి. అది మాత్రం నాకు బాగా నచ్చింది. కర్రను రెండు చేతులతో ముందు పట్టుకుని, మోచేతులు వంచకుండా, తల మీదుగా వీపు వెనక్కి దించాలి. చేతుల మధ్య ఎడం ఎంత తక్కువుంటే భుజాలు అంత సాగినట్టు. మీ జిమ్నాస్టిక్స్ హాల్లో కర్రకు రంగురంగుల టేపులు చుట్టి ఉంటాయనీ, అన్నిటికంటే దగ్గరగా ఉన్నవి ఎర్ర టేపులనీ, అక్కడ పట్టుకుని దించగలిగినవాళ్లకే కొత్త విద్యలు నేర్పుతారనీ రాశావు. చదివి ఊరుకోలేకపోయాను. ముందుగది కిటికీకున్న కర్టెన్ కడ్డీ ఊడదీశాను.

కడ్డీ సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చి ఆగింది. ఇక వెనక్కి పోదు, ముందుకు రాదు. మీ తాతయ్య పేపరు దించి చూసి, "ఎవరికి లొంగిపోతున్నావు?" అన్నారు. "ముందు వచ్చి ఈ కడ్డీ పట్టుకోండి" అన్నాను. ఆయన పేపరు మడతపెట్టి, కళ్లజోడు తుడిచి, దాన్ని పెట్టెలో పెట్టి, అప్పుడు లేచారు. అంతసేపూ అలాగే నిలబడ్డాను. ఆలోచించుకోవడానికి తీరిక దొరికింది.

అప్పుడొక ప్రశ్న పుట్టింది. నా రెండు చేతులూ ఒక్కసారి ఆగలేదు. ఒకటి ముందు మొరాయించింది. రెండోది ఇంకాస్త వెళ్లేదే కానీ, దీని వల్ల అదీ ఆగిపోయింది. మరి నీకు ఏ చెయ్యి ముందు వెళ్తుంది? కర్ర తిన్నగా దిగుతుందా, ఒక పక్కకి ఒరుగుతుందా? చూసి రాయి.

ఫోనులో చెప్పకు. మీ హాస్టల్లో ఆదివారం తప్ప ఫోను చేతికివ్వరు. ఇచ్చినా నాకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటాను.

కడ్డీ మళ్లీ బిగించడం ఎవరికీ రాక కర్టెన్ లేకుండా కూర్చున్న,
అమ్మమ్మ


ఆగస్టు 9

అమ్మమ్మకి,

నీ ఉత్తరం బొంగరానికి చదివి వినిపించాను. బొంగరం అంటే నా రూమ్మేట్. గాల్లో ఎన్ని చుట్లు తిరిగినా దానికి కళ్లు తిరగవు. నువ్వు కడ్డీతో ఇరుక్కుపోయిన చోట మంచం మీంచి దొర్లి కిందపడి నవ్వింది. నీకు కాదు, తాతయ్య కళ్లజోడు పెట్టెలో పెట్టాడే, దానికి.

నీ ప్రశ్నకి జవాబు: రెండూ కలిసే వెళ్తాయి. కర్ర ఒక్కటే కదా, చేతులు విడివిడిగా ఎలా వెళ్తాయి? అయినా ఎందుకడుగుతున్నావు? నన్ను మాన్పించాలనా?

అసలు విషయం చెప్తాను. పోయిన వారం ఎర్ర టేపు పట్టేశాను. మా బ్యాచ్‌లో నేనూ, బొంగరమూ, అంతే. అక్టోబరులో జట్టు ఎంపిక ఉంది. బార్ల మీద, అంటే మేం వేలాడి ఊగే ఎత్తు కడ్డీల మీద, మా ఇద్దరిలో ఒక్కరికే చోటు. కోచ్ మేడమ్ కొత్త ఊపు నేర్పిస్తానన్నారు. అరచేతులు బయటికి తిప్పి బార్ పట్టుకుని, భుజాలు వెనకవైపు నుంచి తిరిగేలా ఒక పూర్తి చుట్టు. అది వచ్చినవాళ్లకి చోటు ఖాయం. నాకు రాత్రీ పగలూ అదే.

బొంగరం రోజూ సాయంత్రం నా వీపు మీద కూర్చుంటుంది. దాని బరువుకి నా ముక్కు నేలకి అతుక్కుపోతుంది.

ఎడమ భుజం మాత్రం కాస్త సణుగుతోంది. బార్ దిగాక, పడుకునేటప్పుడు. పెద్దగా ఏం లేదు. అమ్మకి చెప్పకు, చెప్తే బస్సెక్కి వచ్చేస్తుంది.

నీ,
ఉడత


ఆగస్టు 16

వీపు మీద మనుషుల్ని మోస్తున్న మనవరాలికి,

ఆ బొంగరం ఎవరు, ఎందుకు కూర్చుంటోంది, నువ్వెందుకు ఊరుకుంటున్నావు? హాస్టల్ వార్డెన్‌తో చెప్పావా? ఒకే చోటు కోసం పోటీపడుతున్న పిల్ల రోజూ నీ వీపెక్కుతోందంటే అందులో స్నేహం ఎంతో, ఇంకేదో ఎంతో ఆలోచించుకో. నీకు నోరు రాకపోతే నా నోరు పంపిస్తాను. దానికి టికెట్ కూడా అక్కర్లేదు.

నిన్ను మాన్పించాలని నేను ఎక్కడ రాశాను? ప్రశ్న అడిగితే దాని వెనక ఇంకో ప్రశ్న ఉంటుందని అనుకోవడం మీ అమ్మ పోలిక. నేను తెలుసుకోవాలని అడిగాను. అంతే.

భుజం సణుగుడు గురించి. మీ తాతయ్యతో చర్చించాను. చర్చ అంటే నేను మాట్లాడాను, ఆయన తలాడించారు. ఎడమ భుజం బిగుసుకుపోయి ఉంటుందని తేల్చాం. బిగుసుకున్నదే నొప్పి పెడుతుంది కదా. వేడినీళ్ల సంచి పెట్టు. కుడిదానికంటే ఎడమదాన్ని ఇంకో నాలుగుసార్లు ఎక్కువ సాగదియ్యి. మొండి పిల్లల్ని క్లాసయ్యాక కూర్చోబెట్టి చెప్పినట్టు దానికి విడిగా చెప్పుకో.

మీ అమ్మకు చెప్పలేదు. నీ ఉత్తరం పిండి డబ్బా వెనక పెట్టాను. ఆ అలమరలోకి మీ అమ్మ చెయ్యి పోయి చాలా కాలమైంది.

రెండూ కలిసే వెళ్తాయన్నావు. చూసి చెప్పావా, చూడకుండా చెప్పావా?

అమ్మమ్మ


ఆగస్టు 25

అమ్మమ్మా,

అయ్యో, బొంగరం మంచిది. వీపు మీద కూర్చోవడం అంటే కసరత్తే. నేను బోర్లా పడుకుని చేతులు చాపితే అది పైన కూర్చుని నా చేతులు వెనక్కి పడుతుంది. తర్వాత నేను దానికి పడతాను. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు. నీ ఉత్తరం దానికి చూపించలేదు. నువ్వు మళ్లీ ఏం రాశావని రోజూ అడుగుతోంది, పోస్టు రాలేదని అబద్ధం చెప్తున్నాను. నీ వల్ల.

నువ్వు చెప్పినట్టే ఎడమ చేతికి విడిగా క్లాసు పెట్టాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అమ్మమ్మా, ఎంత వెనక్కి వెళ్తోందో తెలుసా, నాకే భయమేస్తోంది. ఒక్కోసారి లోపల ఏదో జారి మళ్లీ చోటులోకి వచ్చినట్టు అనిపిస్తుంది. సణుగుడు మాత్రం తగ్గలేదు. కొంచెం పెరిగింది కూడా. అంటే ఇంకా సాగాలన్నమాట.

నువ్వు నమ్మవని ఫోటో తీయించి పంపుతున్నాను. హాల్లో కర్ర నెత్తి మీదికి వచ్చినప్పుడు బొంగరం తీసింది. చేతులు చూడు, ఎర్ర టేపు మీదే ఉన్నాయి. ఫ్రిజ్ మీద అతికించుకో.

వచ్చే సోమవారం నుంచి కొత్త ఊపు మొదలు.

నీ ఎర్ర టేపు,
ఉడత


సెప్టెంబరు 1

ఉడతా,

ఫోటో అందింది. ఫ్రిజ్ మీద అతికించలేదు. భూతద్దం కింద పెట్టాను. తర్వాత పాత పెట్టెలోంచి నా సెట్‌స్క్వేర్ తీసి దాని మీద ఆనించాను.

నీ కర్ర వంకరగా ఉంది.

కొంచెం కాదు, మా స్కూల్లో అయితే మార్కులు కోసేంత వంకర. ఒక చెయ్యి చెవి దాటి హాయిగా వెనక్కి వెళ్లిపోయింది. రెండోది చెవి ముందే ఆగి, మోచెయ్యి దగ్గర కాస్త వంగింది. వెళ్లిపోయింది ఎడమ చెయ్యి. ఆగిపోయింది కుడిది. అంటే ఇన్నాళ్లూ ఎర్ర టేపు దాకా వెళ్లింది నీ రెండు భుజాలు కావు. ఒక భుజం, దాన్ని పట్టుకుని వేలాడుతున్న ఇంకో భుజం.

నేను పోయిన ఉత్తరంలో ఇచ్చిన సలహా తప్పు. ఆ మాట కింద గీత కూడా గీశాను చూడు. దాచుకో, మళ్లీ దొరకదు. బిగుసుకున్నదే నొప్పి పెడుతుందని అనుకున్నాను. మేం ఈ ఇంట్లోకి మారినప్పుడు బీరువాను మెట్ల మీదుగా ఎక్కించిన రోజు గుర్తొచ్చి ఉంటే అలా రాసేదాన్ని కాదు. పైన మీ తాతయ్య, కింద నేను. మలుపు దగ్గర ఆయన ఆగిపోయారు. ఆయన తిరగాల్సినదంతా నేను తిరగాల్సి వచ్చింది. అరిచింది నేను. పక్కింటివాళ్లు తలుపు తీసి చూసి, బీరువా ఆగిపోయింది నా వల్లేనని ఈ రోజుకీ అనుకుంటున్నారు. ఆయన మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా గోడకు ఆనుకుని మంచివారిలా నిలబడ్డారు.

నీ ఎడమ భుజం అరుస్తోంది. ఆగిపోయింది అది కాదేమో.

దాన్ని సాగదీయడం ఈ ఉత్తరం చదివిన క్షణం నుంచే మానెయ్యి. లోపల ఏదో జారుతోందన్నావు, ఆ వాక్యం నాకు ఏమాత్రం నచ్చలేదు. నీ చేతిరాత కూడా అక్కడ చిన్నదైంది.

అమ్మమ్మ


సెప్టెంబరు 6

అమ్మమ్మకి,

ఫోటో అద్దంలో తీసింది అమ్మమ్మా. మా హాల్లో ఒక గోడంతా అద్దమే. నేను అద్దానికి ఎదురుగా నిలబడితే బొంగరం వెనక నుంచి అద్దంలోని నన్ను తీసింది. అద్దంలో కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. జామెట్రీ టీచర్‌వి, నీకు నేను చెప్పాలా? నీకు కుడిగా కనిపించింది నా ఎడమే. అది బిగుసుకుందనేగా నువ్వు మొదట అన్నావు. మొదట చెప్పిందే కరెక్ట్. నా కుడి భుజం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు.

నాకు నిజం చెప్పు. అమ్మ రాయించిందా? ఇంటికి ఫోను చేస్తే అమ్మ, "భుజాలు జాగ్రత్త" అంది. ఎప్పుడూ అనేది "బాగా తిను" అని. పిండి డబ్బా వెనక ఉన్నది చదివిందా? మీరిద్దరూ కలిసి నన్ను దించేయాలని చూస్తున్నారా? ఎంపికకి నెలే ఉంది. ఇప్పుడు సాగదీయడం మానేస్తే టేపు జారిపోతుంది. టేపు జారితే ఊపు ఉండదు.

ఊపు మొదలుపెట్టాం. నాకు వచ్చేసింది. దాదాపు. పైకి వెళ్లేటప్పుడు ఒళ్లంతా ఒక పక్కకి లాగుతుంది, మేడమ్ "తిన్నగా, తిన్నగా" అని అరుస్తారు. అలవాటైతే పోతుంది.

ఉడత


సెప్టెంబరు 11

అద్దం గురించి నాకు పాఠం చెప్పిన పిల్లకు,

ఫోటోలో నీ తల వెనక గోడ గడియారం ఉంది. అందులో మూడు ఎడమ వైపు ఉంది, తొమ్మిది కుడి వైపు ఉంది. అలాంటి గడియారం ఎవరూ తయారు చేయరు. కాబట్టి అది అద్దం ఫోటో అని నువ్వు చెప్పకముందే నాకు తెలుసు.

ఎదురుగా నిలబడ్డ మనిషి ఫోటో అనుకుని చూస్తే, ఆగిపోయిన చెయ్యి ఎడమదనే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, నా మాటే నెగ్గిందని కాస్త మురిశాను కూడా. తర్వాత గడియారం కనిపించింది. అప్పుడు తిప్పి చూసి, కుడి అని రాశాను. నువ్వు దాన్ని తీసుకుని మళ్లీ తిప్పావు. రెండుసార్లు తిప్పితే మొదటి తప్పు దగ్గరికే వస్తాం.

మీ అమ్మ చదవలేదు. "భుజాలు జాగ్రత్త" అన్నది నీ గురించి కాదు. ఆ పూట మీ తాతయ్య కర్టెన్ కడ్డీ బిగించడానికి స్టూలెక్కారు. మీ అమ్మ ఫోను చెవిన పెట్టుకునే ఆయన్ని హెచ్చరిస్తోంది. ఆయన వినలేదు. నువ్వు విన్నావు.

ఇక వాదన వద్దు. నా మాటా నమ్మకు, ఫోటోనీ నమ్మకు. నేలను నమ్ము. బోర్లా పడుకో. నుదురు నేలకు ఆనించు. చేతులు తల ముందుకు చాపు. కర్ర వద్దు. కుడి చెయ్యి ఒక్కటే, మోచెయ్యి వంచకుండా, నేల మీంచి ఎంత లేస్తే అంత పైకెత్తు. దించు. తర్వాత ఎడమది. బొంగరాన్ని పక్కన స్కేలు పట్టుకుని కూర్చోమను. ఈసారి వీపు మీద కాదు.

నేను తప్పయితే, "అమ్మమ్మా నువ్వు తప్పు" అని పెద్ద అక్షరాలతో కార్డు రాసి పంపు. మీ తాతయ్య ఫ్రేము కట్టించుకుంటారు. చాలా కాలంగా ఆ గోడ ఖాళీగా ఉంది.

అమ్మమ్మ


సెప్టెంబరు 15

అమ్మమ్మా,

కార్డు పంపడం లేదు.

నువ్వు తప్పని తేల్చడానికే పడుకున్నాను. ముందు ఎడమది ఎత్తాను. బొంగరం "స్కేలు చాలదు" అంది. తర్వాత కుడిది. ఎత్తాననుకున్నాను. బొంగరం ఇంకా స్కేలు పట్టుకుని చూస్తోంది. "చూశావా?" అన్నాను. "మొదలుపెట్టు మరి" అంది. ఎత్తే ఉన్నానే అన్నాను. వంగి చూసి, "మణికట్టు కింద నా చెయ్యి కూడా పట్టేట్టు లేదు" అంది. నాకు కోపం వచ్చి మళ్లీ ఎత్తాను. నడుము లేచింది గానీ చెయ్యి లేవలేదు. మూడోసారి బొంగరం నా నడుము మీద చెయ్యి వేసి అదిమింది. అప్పుడు అసలే లేవలేదు.

నా చెయ్యే అమ్మమ్మా. రోజూ వాడేదే. దానికి ఇంతే వచ్చని నాకెలా తెలియలేదు?

బొంగరాన్ని అడిగాను, నా కర్ర ఎప్పుడైనా వంకరగా కనిపించిందా అని. "ఎప్పుడూ వంకరే, అది నీ స్టైల్ అనుకున్నాం" అంది. చిన్నపిల్లలు కొందరు నన్ను చూసి కావాలని వంకరగా దించుతున్నారట. మేడమ్ ఎప్పుడూ టేపు దగ్గర చేతుల్నే చూస్తారు, కర్ర కొసలు చూడరు.

ఇప్పుడు ఊపులో ఒళ్లు ఎందుకు ఒక పక్కకి లాగుతోందో అర్థమైంది. అర్థమయ్యాక బార్ ఎక్కాలంటే వరసలో అందరికంటే వెనక్కి వెళ్లి నిలబడుతున్నాను. కానీ మేడమ్‌కి చెప్తే ఎర్ర టేపు పోతుంది, ఊపు పోతుంది, చోటు బొంగరానికి పోతుంది. బొంగరం ఎవరికీ చెప్పనని ఒట్టు వేసింది. ఎంపిక అయ్యేదాకా ఊరుకుని, తర్వాత చెప్తే?

నువ్వు మేడమ్‌కి రాయకు. ఏం చెయ్యాలో మాత్రం చెప్పు.

ఉడత


సెప్టెంబరు 19

ఉడతా,

మేడమ్‌కు నేను రాయను. అది నీ భుజం, నీ నోరు.

ఏం చెయ్యాలో కూడా చెప్పను. ఒకసారి చెప్పాను, దాని పుణ్యమా అని ఎడమ భుజం ఇంకాస్త వదులైంది. నాకు తెలిసింది అడగడం. అడుగుతాను.

బార్ మీద నీ బరువంతా రెండు భుజాల మీద వేలాడుతుంది. చుట్టు తిరిగేటప్పుడు ఆ బరువు మామూలు కంటే పెరుగుతుందని నీకు నాకంటే బాగా తెలుసు. కుడిది సగంలో "ఇక నేను తిరగను" అంటే, మిగిలిన సగం ఎక్కడికి పోతుంది?

ఆ తర్వాత ఇంకోటి. ఎంపికలో ఆ ఊపు ఒక్కసారి చేస్తే సరిపోతుందా? జట్టులోకి తీసుకున్నాక రోజూ చేయించరూ?

మూడోది. నువ్వు ఊరుకుంటే ఆ చిన్నపిల్లలు కర్రను ఎలా దించుతారు?

జవాబులు నాకు రాయనక్కర్లేదు. రెండు రోజులుగా మీ తాతయ్య నన్ను ఎందుకు అన్నం సరిగ్గా తినడం లేదని అడుగుతున్నారు. పంటి నొప్పి అని చెప్పాను. పళ్లన్నీ కట్టించుకున్నవే అని ఆయనకు ఇంకా తట్టలేదు.

అమ్మమ్మ


సెప్టెంబరు 30

అమ్మమ్మకి,

చెప్పేశాను.

మేడమ్ మొదట నవ్వారు. ఎర్ర టేపు పట్టిన పిల్లకి భుజం బిగువేంటి అన్నారు. నేలమీద పడుకుని చూపించాను. నవ్వు ఆపేశారు. "ఇది నీకెవరు చెప్పారు?" అన్నారు. మా అమ్మమ్మ అన్నాను. "డాక్టరా?" అన్నారు. జామెట్రీ టీచర్ అన్నాను. తర్వాత నీ ఉత్తరం ఒకటి చూపించమన్నారు. బీరువా ఉన్నది చూపించాను. చదివి మడతపెట్టి ఇచ్చి, నన్ను ఫిజియో దగ్గరికి తీసుకెళ్లారు.

ఫిజియో ఒక్కో చెయ్యినీ విడిగా పట్టుకుని కొలిచాడు. ఎడమది మరీ వదులు, ముందువైపు లోపల వాచింది, ఇక సాగదీయకూడదు, దాని చుట్టూ కండ గట్టిపడాలి. కుడిది మెల్లగా తెరవాలి, అదీ ఒకరు వీపు మీద కూర్చుని కాదు. బిగువైనా ముప్పే, మరీ వదులైనా ముప్పే, ఒకే మనిషికి రెండూ ఉంటే ఒకదాని పని ఇంకోదాని మీద పడుతుందన్నాడు. ఆ ఊపు కొన్నాళ్లు అలాగే చేసి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "అది నేను చెప్పలేను, చూడాలని కూడా లేదు" అన్నాడు. మళ్లీ బార్ ఎప్పుడు అంటే, రెండు చేతులూ ఒక మాట మీదికి వచ్చాక అన్నాడు.

ఎంపికలో బార్ల మీదికి బొంగరాన్నే పంపుతున్నారు, చోటు దానిదే. నన్ను బీమ్ అనే సన్న దూలానికి, నేలమీద చేసే ఫ్లోర్‌కి మాత్రమే పంపుతారట. అక్కడ నాకంటే బాగా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈసారి జట్టులో ఉండను, నాకు తెలుసు. బొంగరం రెండు రోజులు నాతో మాట్లాడటానికి భయపడింది. నేనూ మాట్లాడలేదు.

నువ్వు ఆ ప్రశ్న అడగకపోతే నేను ఇప్పుడు బార్ మీద ఉండేదాన్ని. నీ మీద కోపంగా ఉంది. అబద్ధం రాయలేను.

ఫిజియో రబ్బరు పట్టీ ఇచ్చాడు. ఒక కొస గది తలుపు పిడికి కట్టి, రెండో కొస లాగి వదలాలి. నిన్న సాయంత్రం చేస్తుంటే బొంగరం బయటి నుంచి తలుపు తోసింది. లాగుతున్న పట్టీ ఒక్కసారి వదులై వెనక్కి, నా మంచం మీదికి పడ్డాను. చేతిలో పట్టీ చూసి అది "నన్ను కొట్టడానికేమో అనుకున్నా" అంది. అప్పుడు మాట్లాడుకున్నాం.

ఉడత


అక్టోబరు 5

నా మీద కోపంగా ఉన్న ఉడతకు,

ఉండు. కోపం ఉన్నప్పుడు నీ అక్షరాలు గుండ్రంగా, చదవడానికి వీలుగా వస్తాయి.

నేను అడగకపోతే బార్ మీద ఉండేదానివన్నావు. నిజమే, ఉండేదానివి. ఎన్నాళ్లు ఉండేదానివో నాకూ తెలియదు, నీకూ తెలియదు, ఆ ఫిజియోకీ తెలియదు. నేను నిన్ను కాపాడానని రాసి ఓదార్చడం నాకు చేతకాదు. ఎంత పోయిందో మాత్రం తెలుసు. పదహారేళ్లకు ఒక చోటు కోసం అంత కష్టపడి, చేజేతులా వెళ్లి వద్దని చెప్పి రావడం నా సర్వీసులో నేనెప్పుడూ చేయలేదు. చేసినవాళ్లను కూడా చూడలేదు. ఆ మాట ఒక్కసారే రాస్తాను. మళ్లీ మళ్లీ పొగిడితే నీకు నా మీద అనుమానం వస్తుంది.

బొంగరం గురించి నేను ముందు అనుకున్నదంతా వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసి, ఊరుకుంటే తనకు చోటు పోతుందని తెలిసీ ఊరుకున్న పిల్ల. ఎంపిక రోజు తను బార్ ఎక్కేటప్పుడు నువ్వు ఏదో వంక చెప్పి గదిలో కూర్చుంటావని నాకు తెలుసు. కూర్చోకు. హాలుకు వెళ్లి, బార్లకు ఎదురుగా, తను పైకి లేచేటప్పుడు రెండు భుజాలూ కనపడే చోట నిలబడు. ఏది ముందు తిరుగుతోందో చూసి, దిగాక తనకు చెప్పు. తర్వాత నాకు రాయి. ఆ హాల్లో ఇప్పుడు దాన్ని చూడగలిగే కళ్లు నీవే. మీ మేడమ్ కూడా నేర్చుకుంటున్నారు. చిన్నపిల్లల కర్ర కొసలు చూస్తున్నారా లేదా అని అడిగినట్టు చెప్పు. మర్యాదగా చెప్పు. నా పేరు మీద చెప్తే మర్యాద తగ్గినా ఫరవాలేదు.

మీ అమ్మకు మొత్తం చెప్పాను. వినీ వినగానే బస్సు టైములు చూసింది. శనివారం వస్తోంది. పిండి డబ్బా వెనక దాచానని ఆవిడకు నా మీద కోపం, తనకు చెప్పలేదని నీ మీద కోపం. నాది ఇక్కడ అయిపోయింది, నీది ఆవిడతో పాటు వస్తోంది.

ఇక ఆ తలుపు. అలా రోజూ మంచం మీద పడితే ఫిజియో చేసిందంతా బొంగరం చెడగొడుతుంది. మీ హాస్టల్ నుంచి మలుపు తిరిగితే హార్డ్‌వేర్ కొట్టు ఉందని ఎప్పుడో రాశావు. ఉత్తరం అందిన సాయంత్రమే వెళ్లి, తలుపు బయటి నుంచి తెరుచుకోకుండా ఒక చిన్న గడియ కొను. పొడుగుది వద్దు, తలుపు మందాన్ని బట్టి అడుగు. దానికి సరిపడే స్క్రూలు నాలుగు వాళ్లే ఇస్తారు, ఐదోది అడిగి తీసుకో, ఒకటి ఎప్పుడూ మంచం కిందికి దొర్లుతుంది. వార్డెన్‌ను ముందే అడుగు, బిగించాక అడిగితే ఆవిడకు వద్దనడం తప్ప దారి ఉండదు. గడియ లోపలి వైపు, నీ భుజం కంటే కిందికి పెట్టు. పెన్సిలుతో గుర్తు పెట్టి, సన్నటి మేకుతో చిన్న చిల్లు చేసి, స్క్రూకు కాస్త సబ్బు రాసి తిప్పు. చెక్క పగలకుండా దిగుతుంది. బొంగరాన్ని గడియ పట్టుకోమను. స్క్రూడ్రైవర్ నువ్వు తిప్పు, కుడి చేత్తో. ఇన్నాళ్లూ ఊరికే కూర్చుంది, దాన్ని కాస్త పనిలో పెట్టు.

అమ్మమ్మ